గోడలూ వైద్యం చేస్తాయి!

ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూస్తాం. టైల్స్ రంగు చూస్తాం. హాలు ఎంత, పడగ్గది ఎంత అని అడుగుల లెక్కా చూస్తాం. కానీ ఆ ఇంట్లో జబ్బుపడి మంచాన ఉండాల్సిన మనిషికి కళ్లెదుట ఏం కనిపిస్తుంది? రాత్రి మూడింటికి బాత్రూమ్‌కి లేచే పెద్దాయన చేతికి ఏ ఆసరా అందుతుంది? ఇవి మాత్రం చాలామందికి గుర్తుకు రావు. ప్రపంచంలో కొందరు ఆర్కిటెక్టులు సరిగ్గా ఈ ప్రశ్నల దగ్గరే మొదలుపెట్టారు. అందుకే వాళ్లు కట్టిన ఆసుపత్రులు, బడులు, ఇళ్లు చూడ్డానికి వింతగా ఉంటాయి. కానీ ఆ వింత వెనక ఒంటికి, మనసుకు మేలు చేసే కారణం ఉంటుంది. వాటిలో మన ఇంటికి పనికొచ్చేవీ చాలానే ఉన్నాయి.

ఓసారి ఆ మంచం మీద పడుకోండి

ఒక చిన్న పని చేయండి. మీ అమ్మగారో, నాన్నగారో, అత్తగారో పడుకునే మంచం మీద మధ్యాహ్నం పూట పావుగంట వెల్లకిలా పడుకోండి. ఏం కనిపిస్తోంది? నేరుగా కళ్లలోకి కొట్టే ట్యూబులైటు. గిర్రున తిరిగే ఫ్యాను. బీరువా మీద పేర్చిన అట్టపెట్టెలు. కిటికీ ఉన్నా, దాని అంచు ఎత్తుగా ఉంటే బయటి చెట్టూ కనిపించదు, వీధీ కనిపించదు. నిలబడి చూసినప్పుడు చక్కగా ఉన్న గదే, పడుకుని చూస్తే మరో గదిలా అనిపిస్తుంది.

సుమారు తొంభై ఏళ్ల కిందట ఫిన్లాండ్ ఆర్కిటెక్టు అల్వార్ ఆల్టో చేసిన పని ఇదే. పైమియో అనే చోట పైన్ చెట్ల అడవి మధ్య క్షయ రోగుల కోసం ఆసుపత్రి కట్టే బాధ్యత ఆయనకు దక్కింది. ఆ పని చేతికొచ్చిన రోజుల్లో తానూ జబ్బుపడి మంచం మీదే ఉన్నానని, మామూలు గదులన్నీ నిలబడే మనిషి కోసమే తప్ప పడుకునే మనిషి కోసం కట్టినవి కావని అప్పుడే తెలిసిందని ఆయన తర్వాత చెప్పుకొన్నారు.

1933లో తెరిచిన ఆ ఆసుపత్రిలో గది పైకప్పుకు కళ్లకు హాయినిచ్చే ముదురు ఆకుపచ్చ రంగు వేశారు. రోగి చూపుకు తగలని చోట దీపం పెట్టారు. గదిలో ఇద్దరు ఉంటారు కాబట్టి ఒకరు చేతులు కడుక్కుంటుంటే రెండో మనిషి నిద్ర చెడకూడదని, నీళ్లు ఏటవాలుగా జారి చప్పుడు కాకుండా ఉండేలా వాష్‌బేసిన్‌ను మలిచారు. డాక్టర్ల కోటు చేతులు తగులుకోకుండా తలుపు పిడులు చేయించారు. రోగులు కూర్చునే కుర్చీ వెనక భాగాన్ని ఊపిరి తేలిగ్గా ఆడే వాలులో వంచారు. అప్పటికి క్షయకు మందుల్లేవు. ఎండ, గాలి, విశ్రాంతే వైద్యం. ఆ మూడింటినీ రోగికి అందించే పనిని ఆల్టో భవనానికే అప్పగించారు.

మందులొచ్చాక ఆ అవసరం తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. తర్వాత కట్టిన ఆసుపత్రులు ఎన్నో పొడవాటి కారిడార్లతో, తెల్లటి లైట్లతో, కిటికీల్లేని గదులతో లేచాయి. ఇప్పుడు మళ్లీ ఆలోచన మారుతోంది.

కిటికీ బయట ఏముంది?

ఈ మార్పుకు బలమిచ్చిన పరిశోధన ఒకటుంది. అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ‘సైన్స్’ పత్రికలో దాన్ని ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం తొలగించే ఆపరేషన్ చేయించుకున్నవారి రికార్డులను ఆయన పరిశీలించారు. కొన్ని గదుల కిటికీల్లోంచి చెట్లు కనిపించేవి. కొన్నింటిలోంచి ఇటుక గోడ తప్ప మరేమీ కనిపించేది కాదు. వయసు, ఆరోగ్య పరిస్థితి వంటివి దాదాపు ఒకేలా ఉన్నవారిని 23 జంటలుగా తీసుకుని పోల్చారు.

చెట్లు కనిపించిన గదుల్లోని వారు ఆపరేషన్ తర్వాత సగటున 8 రోజుల్లోపే ఇంటికి వెళ్లారు. గోడ కనిపించినవారికి 8.7 రోజులు పట్టింది. మొదటి రకం వారికి ఘాటైన నొప్పి మందుల అవసరమూ తక్కువే పడింది. దిగులుగా ఉన్నారని, పదేపదే ధైర్యం చెప్పాల్సి వస్తోందని నర్సులు రాసుకున్న మాటలూ వారి విషయంలో తక్కువగానే ఉన్నాయి.

ఇది 46 మందితో చేసిన చిన్న పరిశీలన. చెట్టును చూస్తే జబ్బు నయమైపోతుందని దీని అర్థం కాదు. మందులకు ప్రత్యామ్నాయమూ కాదు. కాకపోతే కోలుకునే మనిషికి కిటికీ అలంకారం కాదు, అవసరం అన్న ఆలోచనకు దీంతో గట్టి ఊతం దొరికింది.

సింగపూర్‌లోని యిషున్‌లో 2010లో తెరిచిన ఖూ టెక్ పువాట్ ఆసుపత్రి ఈ ఆలోచనను చాలా దూరం తీసుకెళ్లింది. పక్కనే ఉన్న చెరువును తనలో కలుపుకొన్నట్టుగా ఆసుపత్రిని కట్టారు. ప్రాంగణంలో, అంతస్తుల అంచుల్లో, డాబా మీద మొక్కలు పెంచారు. గోడలకు రెక్కల్లాంటి పలకలు అమర్చి, చెరువు మీంచి వచ్చే గాలిని ఏసీ లేని వార్డుల్లోకి మళ్లించారు. పైకప్పు మీద చుట్టుపక్కలవాళ్లే స్వచ్ఛందంగా కూరగాయలు పండిస్తారు. జబ్బులేనివాళ్లు కూడా సాయంత్రం పూట నడవడానికి వచ్చే ఆసుపత్రి అది!

కారిడార్ లేని ఆసుపత్రి

గాలి ఎంత ముఖ్యమో కొవిడ్ మనకు నేర్పింది. ఆఫ్రికాలోని రువాండాలో అంతకుముందే ఆ పాఠాన్ని ఒక భవనంగా మార్చారు. మూడు లక్షలకు పైగా జనం ఉన్న బురేరా జిల్లాకు అప్పట్లో సరైన ఆసుపత్రి లేదు. ‘మాస్ డిజైన్ గ్రూప్’ అనే ఆర్కిటెక్టుల బృందం అక్కడ బుటారో ఆసుపత్రిని రూపొందించింది. 2011లో అది తెరుచుకుంది.

ఆసుపత్రుల్లో ఒకరి నుంచి ఒకరికి క్షయ అంటుకునే చోట్లలో కిక్కిరిసిన కారిడార్ ముఖ్యమైనది. దగ్గేవాళ్లు, చంటిబిడ్డల తల్లులు, ముసలివాళ్లు అందరూ గంటల తరబడి అక్కడే కూర్చుంటారు. గాలి మాత్రం కదలదు. అందుకని ఈ ఆర్కిటెక్టులు లోపలి కారిడార్‌నే తీసేశారు. నడిచే దారులు, వేచి ఉండే అరుగులు అన్నీ భవనం బయట వరండాల్లో పెట్టారు. వార్డుల్లో పైకప్పు ఎత్తు పెంచి, వేడెక్కిన గాలి పైనున్న కిటికీల్లోంచి వెళ్లిపోయేలా చేశారు. గాలిని నెమ్మదిగా కదిపే భారీ ఫ్యాన్లు, క్రిములను చంపే అతినీలలోహిత దీపాలు అమర్చారు.

మంచాల సంగతీ చూడండి. మామూలుగా వార్డులో మంచాల తలవైపు గోడకు ఆనించి, రోగులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా వేస్తారు. ఇక్కడ గది మధ్యలో పొట్టి గోడ కట్టి, తలవైపు దానికి ఆనించారు. దాంతో ప్రతి రోగికీ ఎదురుగా కిటికీ, దాని అవతల కొండలు కనిపిస్తాయి. గోడలకు వాడింది ఆ చుట్టుపక్కల పొలాల్లో రైతులకు అడ్డంగా ఉండే అగ్నిపర్వతపు రాయి. ఊరివాళ్లే ఆ పని నేర్చుకుని కట్టారు. ఖరీదైన యంత్రాల బదులు కాస్త ఆలోచన ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఈ ఆసుపత్రే సాక్ష్యం.

వంటగది బల్ల చుట్టూ

జబ్బు ఒంటికే రాదు, మనసుకూ వస్తుంది. ఆ సంగతి మ్యాగీ కెస్విక్ తన అనుభవంతో తెలుసుకున్నారు. తోటల రూపకల్పన, వాటి చరిత్ర ఆమెకు ప్రాణం. భర్త చార్ల్స్ జెంక్స్ పేరున్న ఆర్కిటెక్చర్ విమర్శకుడు. 1988లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 1993లో అది తిరగబెట్టింది. ఇక ఎక్కువ కాలం బతకరన్న మాట డాక్టరు చెప్పాక, తర్వాతి రోగి ఎదురుచూస్తుండటంతో ఆ దంపతులు బయటికి వచ్చి కారిడార్‌లో కూర్చోవాల్సి వచ్చింది. వెలుతురు లేని ఆ చోటు, ఆ నిమిషాలు ఆమెను వదల్లేదు. క్యాన్సర్ ఉన్న మనిషి కాసేపు కూర్చుని తేరుకునే చోటు ఆసుపత్రి పక్కనే ఉండాలన్నది ఆమె కోరిక. 1995లో ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో, ఒకప్పటి గుర్రపుశాలను మార్చి తొలి ‘మ్యాగీస్ సెంటర్’ తెరిచారు.

ఇప్పుడవి బ్రిటన్‌లో 20కి పైగా ఉన్నాయి. హాంకాంగ్, టోక్యో, బార్సిలోనాల్లోనూ ఉన్నాయి. డండీలోని కేంద్రానికి ఫ్రాంక్ గెహ్రీ, ఫైఫ్‌లోని దానికి జహా హదీద్, మాంచెస్టర్‌లోని దానికి నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేశారు. ఏ రెండూ ఒకలా ఉండవు. అన్నింటిలోనూ ఉండేది మాత్రం ఒకటే... మధ్యలో వంటగది, దాని పక్కన పెద్ద బల్ల. లోపలికి వెళ్లగానే పేరు, వివరాలు అడిగే రిసెప్షన్ కౌంటర్ ఉండదు. ఎవరి టీ వాళ్లు కాచుకోవచ్చు. అదే బల్ల దగ్గర మరొకరు కూర్చుని ఉంటారు. మాట కలిస్తే కలుస్తుంది, లేకపోతే లేదు. బాత్రూమ్‌ల గురించి కూడా డిజైన్ చేసేవాళ్లకు ముందే చెబుతారు. ఒక మనిషి లోపలికెళ్లి ఎవరికీ వినపడకుండా ఏడ్చి, ముఖం కడుక్కుని రాగలిగేలా ఉండాలని!

మన ఇళ్లలో క్యాన్సర్ అనగానే గొంతు తగ్గించి మాట్లాడతాం. పేషెంటును లోపలి గదిలో ఉంచి, ముందు గదిలో బంధువులం గుసగుసలాడతాం. ఆ మనిషికి కావాల్సింది బహుశా వంటింటి బల్ల దగ్గర ఒక కుర్చీ, అందరిలాగే ఒక కప్పు టీ కావచ్చు.

ఊరే నర్సింగ్ హోమ్!

మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా ముదిరిన పెద్దవాళ్లు ఇల్లు దాటి వెళ్లిపోతుంటారు. దారి గుర్తుండదు. భయంతో ఇంట్లోవాళ్లు తలుపుకు తాళం వేస్తారు. తాళం చూసేకొద్దీ వాళ్లలో గాబరా, కోపం ఎక్కువవుతాయి. ఈ చిక్కుముడికి నెదర్లాండ్స్‌లో ఒక విచిత్రమైన జవాబు కనుక్కున్నారు. మనిషిని గదిలో పెట్టే బదులు ఆయన చుట్టూ ఓ ఊరినే కట్టారు.

ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర వేస్ప్‌లో ఉన్న హోగెవేక్ అది. 2009లో 23 ఇళ్లతో, సుమారు 150 మందితో మొదలైంది. ఒక్కో ఇంట్లో ఆరేడుగురు ఉంటారు. వాళ్లు పుట్టి పెరిగిన తీరుకు, అలవాట్లకు తగ్గట్టుగా ఇళ్లను అమర్చారు. వీధులు, చౌరస్తా, తోటలు, సూపర్‌మార్కెట్, రెస్టారెంటు, నాటకశాల ఉన్నాయి. సంరక్షకులు తెల్లకోట్లు వేసుకోరు, మామూలు బట్టల్లోనే ఉంటారు. వంట ఇంట్లోనే. ఆ వాసనలకే కొందరికి ఆకలి గుర్తుకొస్తుంది. ఊరి బయటికి దారి ఒక్కటే, అక్కడ మనుషులు కనిపెట్టుకుని ఉంటారు. ఇక లోపల ఎటు నడిచినా దారి తప్పే పనే లేదు.

ఇదంతా నాటకం కదా, పెద్దవాళ్లను మభ్యపెట్టడం కాదా అని విమర్శించినవాళ్లూ ఉన్నారు. కూరగాయలు నిజం, భోజనం నిజం, నడక నిజం, పలకరింపు నిజం... ఇందులో అబద్ధం ఏముందన్నది సమర్థించేవాళ్ల జవాబు. ఫ్రాన్స్‌లోని డాక్స్‌లో 2020లో ఇలాంటి ఊరే మరొకటి మొదలైంది. మనం ఊరు కట్టలేం. కానీ తాళం ఒక్కటే దారి కాదని మాత్రం నేర్చుకోవచ్చు. గేటు లోపలే చుట్టూ తిరిగి రాగలిగే దారి, బాత్రూమ్ తలుపు మీద పెద్ద బొమ్మ, బీరువాకు తలుపు బదులు బట్టలు కనిపించే అరలు... ఇలాంటివి కూడా పెద్దవాళ్ల గాబరాను కొంత తగ్గిస్తాయి.

పిల్లలు పరుగెత్తే కప్పు

టోక్యో శివార్లలోని తచికావాలో 2007లో కట్టిన ఫుజి కిండర్‌గార్టెన్‌ను పైనుంచి చూస్తే పెద్ద గాజు ఆకారంలో కనిపిస్తుంది. మధ్యలో ఖాళీ స్థలం, చుట్టూ గదులు, వాటి మీద ఎక్కడా తెగకుండా సాగే చెక్క కప్పు. ఆర్కిటెక్టులు తకాహారు తెజుకా, యుయి తెజుకా భార్యాభర్తలు. ఆ కప్పే పిల్లల ఆటస్థలం! కప్పు బయటి అంచు చుట్టుకొలత సుమారు 183 మీటర్లు. గుండ్రంగా ఉంది కాబట్టి పరుగుకు చివరంటూ లేదు. స్థలంలో ముందే ఉన్న పెద్ద చెట్లను కొట్టలేదు. అవి కప్పులోంచి పైకి వచ్చాయి. పిల్లలు జారిపడకుండా మొదళ్ల చుట్టూ వల కట్టారు. ఆ వల్లోనూ ఆడుకుంటారు. ఇక్కడి పిల్లలు సగటున 4 కిలోమీటర్ల దాకా తిరుగుతుంటారని తకాహారు చెబుతుంటారు. పరుగెత్తమని ఎవరూ చెప్పరు, కప్పే పిలుస్తుంది. మన పిల్లలు కదలడం లేదని బాధపడే ముందు, మన ఇంట్లోగానీ అపార్ట్‌మెంట్‌లోగానీ వాళ్లను అలా పిలిచే చోటు ఏముందో ఆలోచించాలి.

ఇదే టోక్యో దగ్గర మిటాకాలో 2005లో కట్టిన తొమ్మిది ఫ్లాట్ల కథ ఇంకా చిత్రం. అరకావా, మెడలిన్ గిన్స్ అనే దంపతులు వాటిని రూపొందించారు. సుఖం మరిగిన ఒళ్లే త్వరగా ముసలిదవుతుందన్నది వాళ్ల నమ్మకం. అందుకని నేలను గుట్టలు గుట్టలుగా, ఒక గదిని బంతిలా గుండ్రంగా, గోడలను రకరకాల రంగుల్లో కట్టారు. ప్రతి అడుగూ చూసి వేయాల్సిందే! కళగా ఇది గొప్ప ఊహే. కానీ ఆరోగ్య సలహాగా తీసుకోకండి. కాళ్లు తడబడే వయసులో గుట్టల నేల కంటే చదునైన నేల, దాని మీద రోజూ నడకే మంచివి.

మన ఎండకు మన కప్పు

మనకు అసలు పరీక్ష ఎండాకాలం. పై అంతస్తు ఫ్లాట్లో ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది. పగటి వేడికి అలసిన శరీరం రాత్రి చల్లబడితేనే తేరుకుంటుంది. ఆ అవకాశమే లేకపోతే నిద్ర ఉండదు, గుండె మీద భారం పెరుగుతుంది. పెద్దవాళ్లకు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఇది ప్రమాదకరం.

దీనికి పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో నుంచి ఒక చక్కటి పాఠం ఉంది. ఫ్రాన్సిస్ కెరె చిన్నప్పుడు ఉక్కపోసే గదిలో కిక్కిరిసి కూర్చుని చదువుకున్నారు. ఆర్కిటెక్చర్ చదువుకుంటూనే తన సొంతూరు గాండోలో 2001లో బడి కట్టించారు. రేకుల కప్పును గదికి ఆనించకుండా బాగా పైకి లేపి, కింద రంధ్రాలున్న మట్టి ఇటుకల కప్పు వేశారు. గదిలో వేడెక్కిన గాలి ఆ రంధ్రాల్లోంచి పైకి లేచి, రెండు కప్పుల సందులోంచి వెళ్లిపోతుంది. ఏసీ లేదు, కరెంటు ఖర్చు లేదు. ఆర్కిటెక్చర్‌లో ఎంతో గొప్పదిగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి 2022లో ఆయనకు దక్కింది. ఆఫ్రికా నుంచి దాన్ని అందుకున్న తొలి వ్యక్తి ఆయనే.

మన దేశంలో లారీ బేకర్ కేరళలో ఇదే బాట పట్టారు. కుష్ఠు రోగుల ఆసుపత్రుల నిర్మాణం కోసం బ్రిటన్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆయన, గాలి, వెలుగు వచ్చేలా ఇటుకలతోనే జాలీ గోడలు కట్టించారు. ఇటుకలను నిలువుగా పేర్చి, మధ్యలో ఖాళీ వదిలే పద్ధతిని ప్రచారం చేశారు. ఇటుకలు సుమారు నాలుగో వంతు మిగులుతాయి. ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది కూడా.

మన తాతల మండువా లోగిళ్లు చేసిందీ ఇదే కదా! మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటులోంచి వేడి గాలి పైకి పోయేది, చుట్టూ వసారా నీడనిచ్చేది. అంత స్థలం ఇప్పుడు లేదు కానీ కప్పు మన చేతిలోనే ఉంది. డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే ఇంటి లోపల వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లవాళ్లు తమంతట తామే వేసుకోవచ్చు.

మన ఇంట్లో ఏం చేయొచ్చు?

• మంచం తిప్పండి: ఎక్కువసేపు పడుకుని ఉండేవారి మంచాన్ని కిటికీ ఎదురుగా వేయండి. కొత్త ఇల్లయితే ఆ గది కిటికీ అంచు పడుకున్న మనిషి చూపుకు అడ్డురానంత కిందికి ఉండాలి. కింది భాగానికి గ్రిల్ తప్పనిసరి. చెట్టు లేకపోతే కుండీలు పెట్టండి.

• దీపం మార్చండి: తలకు నేరుగా పైనున్న లైటు బదులు గోడకు పక్కన, నీడ పడేలా అమర్చండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా కింది వరసలో చిన్న రాత్రి దీపాలు పెట్టండి.

• బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి: లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతారు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడలోకి దిగేలా బిగించిన స్టీలు కడ్డీ ఉండాలి. టవల్ వేసుకునే రాడ్డు మనిషి బరువు మోయదు. టైల్స్ గరుకుగా ఉన్నవే ఎంచుకోండి.

• మెట్ల అంచు కనిపించాలి: చూపు తగ్గినవారికి ఒకే రంగు మెట్లు ఒకే పలకలా కనిపిస్తాయి. ప్రతి మెట్టు అంచుకూ వేరే రంగు పట్టీ వేయండి.

• గాలికి వచ్చే దారి, పోయే దారి రెండూ ఉండాలి: ఎదురెదురుగా కిటికీలుంటేనే గాలి ఆడుతుంది. ఇంట్లో ఎవరికైనా దగ్గు, జలుబు ఉంటే రెండూ తెరిచి ఉంచండి. ఏసీ వేసి అన్నీ మూసేస్తే ఆ గాలినే అందరూ పీలుస్తారు.

• వంట చేసే మనిషిని కొలవండి: వంటగట్టు మేస్త్రీ అలవాటు ప్రకారం కాదు, రోజూ అక్కడ నిలబడే మనిషి ఎత్తు ప్రకారం ఉండాలి. మోచేతి కంటే 4 నుంచి 6 అంగుళాలు కిందికి ఉంటే నడుం, మెడ మీద భారం పడదు.

• ఒక కుర్చీ: చేతులు ఆనించుకునే వీలుండి, లేవడానికి ఇబ్బంది లేనంత ఎత్తున్న కుర్చీ వంటగది దగ్గరో, వీధి వాకిట్లోనో వేయండి. పెద్దవాళ్లు మనుషుల మధ్య ఉంటారు.

వీటిలో చాలావాటికి ఆర్కిటెక్టు అవసరం లేదు. ఒక వడ్రంగి, ఒక మేస్త్రీ, ఒక ఆదివారం చాలు. ఆ ఆదివారం పని మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ‘అమ్మా, నీకు అక్కడ పడుకుంటే ఏం కనిపిస్తోంది?’ అని. ఇన్నాళ్లుగా ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఏదో ఒకటి బయటికొస్తుంది. పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.